గానం: బృందం

మేరీకుమారి గారి పాట వినని తెలుగు క్రైస్తవ ఇల్లు జర్మనీలో ఉండదు. ఆ పాట ఆమెదని తెలిసిన ఇల్లు మాత్రం నేనింతవరకు చూడలేదు. హానోవర్‌లో ఆమె ఫ్లాట్‌లోనే ఒక గది అద్దెకు తీసుకుని, ఆర్నెల్లు ఆమె చేతి పులుసు తిన్న నాకే తెలియదు. స్నేహితురాలు హెప్సీ గారు పోయిన రోజు ఆమె నోరు విప్పింది కాబట్టి తెలిసింది.

ఆమెది పాలకొల్లు. భర్త ఉద్యోగం కోసం వచ్చారు. ఉద్యోగం పోయింది, ఆ తర్వాత ఆయనా పోయారు. ఆమె జర్మన్ నేర్చుకుని వృద్ధాశ్రమంలో నర్సుగా చేరింది. నర్సాపురం నుంచి వచ్చిన హెప్సీ గారు అక్కడే పరిచయం. ముసలివాళ్లకు స్నానాలు చేయిస్తూ ఇద్దరూ పాడుకునేవారు. పైస్వరం ఈమెది, కిందిస్వరం ఆమెది.

2001లో సాముయేలు అనే సాఫ్ట్‌వేర్ పెద్దమనిషి భక్తిపాటల కంపెనీ పెట్టాడు. ఊళ్లో పారే నది పేరు కలిపి ‘లైనె స్వరాలు’ అన్నాడు. స్టూడియో అంటే ఆయన బిల్డింగు కింద కెల్లర్, అంటే పాత సైకిళ్లూ బంగాళాదుంపలూ పడేసుకునే నేలమాళిగ. గోడలకు బొంతలు కట్టి, పక్కవాళ్ల వాషింగ్ మెషీన్ ఆగిన సమయం చూసుకుని రికార్డు చేసేవారు.

“ప్రస్తుతానికి మీరిద్దరూ ట్రాక్ పాడండమ్మా, విజయవాడ నుంచి మెయిన్ సింగర్ వచ్చి తర్వాత పాడతారు” అన్నాడట.

ఇది సినిమావాళ్ల దగ్గర చర్చివాళ్లు నేర్చుకున్న మర్యాద. పేరున్న గొంతు వచ్చేలోపు పేరులేని గొంతు పాడి దారి చూపించాలి. పనయ్యాక దాన్ని చెరిపేస్తారు. అయితే మెయిన్ సింగర్‌కు వీసా రాలేదు. ట్రాకే సీడీగా వచ్చింది. అట్ట మీద నిర్మాత సాముయేలు, పర్యవేక్షణ సాముయేలు, ముందుమాట సాముయేలు. కింద సన్నగా ‘గానం: బృందం’. ఇద్దరు ఆడవాళ్లు బృందం ఎప్పుడయ్యారో దేవుడికే తెలియాలి. సీడీ బాగా అమ్ముడుపోయింది. ఆ ధైర్యంతో పేరున్నవాళ్లను రప్పించుకున్నాడు. వీళ్లను మళ్లీ పిలవలేదు.

2020 డిసెంబరులో ఆశ్రమంలోనే కరోనా అంటుకుని హెప్సీ గారు పోయారు. సమాధి దగ్గరకు పదిమందికే అనుమతి. పాట పాడకూడదన్నారు. బతికినంతకాలం పాడిన మనిషిని ఒక్క చరణం లేకుండా మట్టిలో పెట్టారు. మేరీకుమారి గారు మాస్కు వెనక పెదవులు కదిపి ఇంటికొచ్చింది.

ఏప్రిల్‌లో ‘లైనె స్వరాలు’కు ఇరవయ్యేళ్లు నిండాయి. తెలుగు క్రైస్తవ ఛానల్లో లైవ్ అని ప్రకటన వచ్చింది. ఆమె సాముయేలుకు ఫోన్ చేసి, నాకూ వినబడేలా స్పీకర్‌లో పెట్టింది.

“వందనాలండి సాముయేలు గారూ. నన్ను పిలవక్కర్లేదు. మొదటి పాట వేసినప్పుడు కింద హెప్సీ పేరు వేయించండి, చాలు.”

“ఎంత మాటక్కా. హెప్సీ మన మొదటి... ఏమంటారు దాన్ని...”

“మొదటి గొంతండి.”

“అదే, అదే. దేవుని చిత్తమైతే తప్పకుండా వేయిద్దాం.”

ఆమె ఫోన్ పెట్టేసింది. “ఎత్తుకోడమే దేవుని చిత్తం అన్నాడంటే ఎయ్యడబ్బాయ్. మనిషి చిత్తమే లేదక్కడ.”

ఆదివారం మధ్యాహ్నం టీవీ ముందు కూర్చున్నాం. హాలు ఖాళీ. స్టేజి మీద మనిషికీ మనిషికీ మధ్య రెండు మీటర్లు. సాముయేలు సూటు వేసుకుని, “తొలిరోజుల్లో ఎవరున్నారండీ, నేనూ, దేవుడూ” అన్నాడు. ఆ వరసలోనే అన్నాడు.

గుంపుగా పాడకూడదని రూలు కదా, అందుకని పాత సీడీ వేశారు. వాల్డార్ఫ్ నుంచి వచ్చిన షారోన్ అనే అమ్మాయి పట్టుచీరలో ముందు నిలబడి పెదవులు కదిపింది. ఆ సీడీ నాటికి ఆ పిల్లకు రెండేళ్లుంటాయేమో. ఆ పిల్ల నోట్లోంచి మేరీకుమారి గారి గొంతు, అడుగున హెప్సీ గారి గొంతు.

“ఇదిగో, ఇక్కడ హెప్సీ గుక్క తిప్పుకుంటది” అంది ఆమె.

చరణం మధ్యలో గుక్క వినబడింది. తెర మీద షారోన్ నోరు మూసుకుని నవ్వుతోంది.

కింద పేర్లు పడ్డాయి. షారోన్ పేరు, చీర ఇచ్చిన షాపు పేరు, బిర్యానీ పంపినవాళ్ల పేరు. పాటైపోయింది. తర్వాత ప్రార్థన మనవుల కోసం అంటూ ఫోన్ నంబరొకటి తెర మీద తిరిగింది. మేరీకుమారి గారు కళ్లజోడు సర్దుకుని ఆ నంబరు కొట్టింది.

“లైన్లో ఎవరండి సిస్టర్?” అన్నాడు యాంకర్. పేరు జోనాథన్, సాముయేలు కొడుకు.

“మేరీకుమారినయ్యా, హానోవర్. సాక్ష్యం చెప్పుకోవాలి.”

మన చర్చిల్లో ఎవరినైనా ఆపొచ్చు, దేవుడు చేసిన మేలు చెప్పుకోవడానికి లేచినవాళ్లను ఆపకూడదు. పొయ్యి మీద కూర మాడినా సరే, సాక్ష్యం ముగిసేదాకా ఆమేన్ అంటూ కూర్చోవాల్సిందే. సాముయేలు ముఖం బిగుసుకుంది.

“రెండువేల ఒకటిలో ప్రభువు నన్నూ హెప్సీనీ సాముయేలు గారి కెల్లర్‌లోకి నడిపించాడయ్యా.”

“ఆమేన్” అన్నాడు జోనాథన్.

“ఇందాక మీరేసిన పాట మేమిద్దరం పాడిందే. ఆ పాపవి పెదాలు మాత్రమే.”

“ఆమేన్.” నోటి అలవాటు. సాముయేలు కూడా అనేశాడు.

“అట్ట మీద మా పేర్లు ఎయ్యలేదు. ఆయన్ని క్షమించే మనసు దేవుడు నాకింకా ఇవ్వలేదు. అందుకోసం అందరూ ప్రార్థన చేయండి. హెప్సీకి మొన్న డిసెంబర్లో కరోనా వచ్చి...”

సాముయేలు చెయ్యి ఊపాడు. లైను తెగింది, కీబోర్డు మోగింది. ఎంతసేపని ఆగుతాడు పాపం, సాక్ష్యం తన మీదకొచ్చాక.

రెండు నిమిషాలకు తెర అడుగున కొత్త అక్షరాలు తిరగడం మొదలైంది. ‘హానోవర్ సహోదరి హెప్సీ గారికి కరోనా నుండి సంపూర్ణ స్వస్థత కలుగునట్లు ప్రార్థించండి.’ ఆ అక్షరాలు కొట్టినవాడు ఎక్కడో ఇండియాలో కూర్చుని సగం విని ఉంటాడు. జోనాథన్ అది చూసి కళ్లు మూసుకుని, హెప్సీని ఆసుపత్రి మంచం మీద నుంచి లేపమని దేవుణ్ని గట్టిగా అడగసాగాడు.

నాకు ఒళ్లు మండింది. నాలుగు నెలల కిందట పాతిపెట్టిన మనిషండీ. “ఫోన్ చేసి తిట్టండాంటీ” అన్నాను.

ఆమె చూపంతా తెర అడుగునే ఉంది. హెప్సీ పేరు కుడివైపు నుంచి వచ్చి ఎడమవైపుకు పోతుంటే దాంతోపాటే తల తిప్పుతోంది.

అంతలో ఆమె ఫోనే మోగింది. సాముయేలు. నేను అందుకోబోతే నా చెయ్యి పట్టుకుంది.

“ఉండబ్బాయ్. ఎత్తితే తీయించేస్తాడు. ఇంకో రెండుసార్లు తిరగనీ.”