ఎండిన పూసలు

ఆ మందుల ఫ్యాక్టరీలో ఎంత కొమ్ములు తిరిగిన ఇంజనీరైనా సరే, మందు వడకట్టే పెద్దక్క గదిలోకి వచ్చేసరికి గొంతు తగ్గించాల్సిందే. గదినిండా మనిషెత్తు గాజు గొట్టాలు, వాటి నిండా సగ్గుబియ్యమంత తెల్లటి పూసలు. దూదిగుజ్జుతో చేసినవి. ఒక్కో పూసకీ కంటికి ఆనని చిల్లులు వేలకు వేలు. పిల్లలకిచ్చే సూదిమందు ఆ గొట్టంలోంచి దిగుతుంటే, అందులోని చెడుగు ఆ చిల్లుల్లో చిక్కుకుపోతుంది. పూసలు ఎప్పుడూ తడిలోనే ఉండాలి. ఒక్కసారి ఎండాయా, చిల్లులు మూసుకుపోతాయి; ఆనక గంగాళాలతో నీళ్లు పోసినా తెరుచుకోవు. చూడ్డానికి మాత్రం నిక్షేపంలా ఉంటాయి. వాటితో వచ్చిన చావే అది.

ఆ రోజు పొద్దున్నే పెద్దక్క వచ్చేసరికి మరదలు గొట్టం పక్కన కొయ్యబారి నిలబడి ఉంది. తమ్ముడు నడుం విరిగి మంచాన పడ్డాక, వాళ్లనీ వీళ్లనీ బతిమాలి పెద్దక్కే ఆమెను ఈ పనిలో పెట్టించింది.

"రాత్రి కింద కుళాయి కట్టేయకుండా ఇంటికెళ్లిపోయాను వదినా. నీళ్లన్నీ కారిపోయి పైపూసలు ఎండిపోయాయి. మళ్లీ నీళ్లు పోశాను. చూడు, మామూలుగానే ఉన్నాయి."

"నీ మొహంలా ఉన్నాయి."

"పోయిన నెల నా చేతిలో గొట్టం పగిలినప్పుడే, ఇంకోసారైతే ఇంటికే అన్నారు. ఈ ఒక్కసారికి చూసీ చూడనట్టు ఊరుకో."

పరీక్షకు పూసలు అడుగునుంచి తీస్తారు. అక్కడివి తడిగానే ఉన్నాయి. అంటే ఎవరికీ తెలియదు.

పెద్దక్క గుడ్డ అందుకుంది. గొట్టం తుడిచింది, తుడిచిందే మళ్లీ తుడిచింది. ఒకపక్క మంచంలో తమ్ముడు, ఇంకోపక్క ఎవరి బిడ్డకో ఎక్కబోయే సూది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

భోజనాలయ్యాక మేనేజరు వచ్చాడు. పరీక్ష బాగానే వచ్చిందంటూ మందు వదిలే మీట మీద చెయ్యి వేశాడు.

"వదిలేద్దామా పెద్దక్కా?"

మరదలు పెదవి కొరుక్కుంది.

"వద్దు బాబూ. పూసలు ఎండిపోయాయి."

"ఎవరి పని?"

పెద్దక్క చేతిలో గుడ్డ మళ్లీ గొట్టం మీదికి పోయింది.

"నాదేనండి," అంది మరదలు, వినబడీ వినబడకుండా.

మేనేజరు ఆమె వంక చూడనైనా లేదు. "మీకెప్పుడు తెలిసింది పెద్దక్కా?"

ఇప్పుడే అంటే నమ్మేవాడే. పెద్దక్క మాటంటే అతనికి వేదవాక్కు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"పొద్దున్నే తెలుసు."

అతను మీట మీంచి చెయ్యి తీసేశాడు. తర్వాత గది తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

గేటు దాటగానే మరదలు భోరుమంది. "నావల్ల నీ పని కూడా పోయింది వదినా."

"నువ్వు మర్చిపోయావు. తెలిసీ నోరు కుట్టుకు కూర్చుంది నేను." పెద్దక్క ముక్కు చీదుకుంది. "పద. తమ్ముడికి నేను చెప్తాను, నువ్వు నోరెత్తకు."