చక్రవర్తికి చింతపండు స్నానం

ధన్‌తేరస్ మర్నాడు పొద్దున నేను చేసిన ఘనకార్యం చెప్తాను. నవ్వుకోండి. మా ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

నా దగ్గర ఓ రోము వెండి నాణెం ఉంది. దాని మీద మోజు ఇప్పటిది కాదు. కరీంనగర్‌లో డిగ్రీ చదివేటప్పుడు హిస్టరీ మేడమ్ చెప్పింది: మన నేలలో రోము నాణేలు దొరికాయి, మన బట్టలు కొనడానికి ఆ వెండి ఓడల్లో వచ్చింది అని. సెలవులకు సూరత్ వచ్చి నాన్నకు చెప్పాను. అక్కడి బమ్రోలిలో పవర్‌లూమ్ నడిపే మనిషి. ఆ చప్పుడులో రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"మనోళ్ల బట్టకు గంత దూరం నుంచి వెండి అచ్చిందా? ఒక్కటి జర చూపియ్ బిడ్డా!"

అప్పుడు ఎక్కణ్ణుంచి తెచ్చి చూపించను? నాన్న పోయిన చాలా ఏళ్ళకు, ఈ మధ్యే ఓ నాణేల ఎగ్జిబిషన్‌లో దొరికింది. బొగ్గుముక్కలా నల్లగా ఉంది. మీద చక్రవర్తి మొహం ఉందని అమ్మినాయన చెప్తే నమ్మాలి. నాకు ఆ నలుపే ముద్దు. ఏ నేతగాడి చేతి చెమటో అందులో ఉండొచ్చు కదా! రోజూ ఆఫీసుకు పోయే ముందు ఓసారి తీసి చూసుకునేదాన్ని.

ధన్‌తేరస్ నాడు అత్తమ్మ హుకుం వేసింది. "ఇంట్ల ఉన్న వెండి అంత లక్ష్మమ్మ ముందట పెట్టాలె."

"పెడతా అత్తమ్మా. కానీ నా నాణేనికి పాలు పొయ్యొద్దు, బొట్టు పెట్టొద్దు, అసలు ముట్టుకోవద్దు."

"ఏందే, గది మడి కట్టుకున్నదా?"

మర్నాడు సింకు దగ్గర పూజ వెండి తోముతున్నాను. ఫోన్ స్పీకర్‌లో హజీరా టౌన్‌షిప్ నుంచి నా స్నేహితురాలు సుజాత. వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిన పాత వెండి రూపాయి ఒకటి ఉందట.

"అక్కా, బాగా నల్లబడిందండీ. కొంచెం టూత్‌పేస్ట్ పెట్టి రుద్దమంటారా?"

"చంపుతాను! నలుపంటే మురికి కాదు సుజాతా, వయసు. ఒక్కసారి రుద్దావా, పోయిందంతే. మళ్ళీ రాదు. వెండి కనబడితే చాలు, మన చేతులు ఊరుకోవు. అదే మన జబ్బు!"

నోరు క్లాసు పీకుతోంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కుందులు అయ్యాయి, హారతి పళ్ళెం అయింది, లక్ష్మీదేవి బిళ్ళలు అవుతున్నాయి. ఒక బిళ్ళ మహా మొండిగా ఉంది. ఇంకాస్త చింతపండు వేసి, పీచుతో గట్టిగా పట్టించి, కుళాయి కింద పెట్టాను.

లక్ష్మీదేవి పక్కకు తిరిగి ఉంది. చేతులు లేవు. తామరపువ్వు లేదు. ముక్కు మాత్రం చాలా ఉంది.

"అక్కా? లైన్‌లో ఉన్నారా?"

"ఉన్నా. టూత్‌పేస్ట్ వద్దు," అని పెట్టేశాను.

"అత్తమ్మా! ఇది సింకులోకి ఎట్లా వచ్చింది?"

"నువ్వే గదా ముట్టుకోవద్దన్నవ్! నేను ముట్టుకోనేలే. పళ్ళెం పళ్ళెమే ఎత్తుకచ్చి పెట్టిన."

నేను చెప్పినట్టే చేసింది.

మా ఆయన వచ్చి చూశాడు. "ఇప్పుడు జర పెట్టిన పైసలకు తగ్గట్టున్నది," అన్నాడు.

స్టూల్ లాక్కుని కూర్చున్నాను. రెండువేల ఏళ్ళ నలుపు సింకు జాలీలోంచి సూరత్ మోరీలోకి పోయింది. ఆ నేతగాడి చెమటా పోయింది. నాణెం మాత్రం షాపులో నిన్న కొన్నట్టు మెరుస్తోంది.

అత్తమ్మ దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకుపోయింది. "ఎవలే ఈయన? ముక్కు అచ్చం మీ నాయిన లెక్కనే ఉన్నది!"

లేచి వెళ్ళి చూశాను. నిజమే. మగ్గం మీదికి వంగినప్పుడు పక్కనుంచి కనబడే ముక్కు అదే. నలుపు ఉన్నన్నాళ్ళూ రోజూ చూశాను కానీ ఇది కనబడలేదు. ఒక్కటి చూపియ్యమన్న మనిషి లేడు. ఉంటే ముందు ఈ ముక్కు చూసి నవ్వేవాడు.

"పాపం, మొహం తెల్లగయింది. ఇప్పుడన్న బొట్టు పెట్టనా?" అంది అత్తమ్మ.

పెట్టమన్నాను. కాకపోతే రేపు ఆ బొట్టు కడిగే పని ఎవరికైనా ఇవ్వమన్నాను, నా చేతికి తప్ప.