టాపెట్ల పంచాయితీ

పెళ్లయిన నాలుగో ఏట నేను గేర్ల బండి కొన్నాను. నేను ఏఎన్‌ఎంని, ఊరూరా తిరిగి టీకాలు వేసే నర్సుని. మా సబ్‌సెంటర్ కింద ఉన్న గూడేలకు స్కూటీ పోదు. భద్రాచలం రోడ్డు దిగి అడవిలోకి మళ్లాక కాస్త దూరమే తారు, ఆ పైన ఎర్రమట్టి, గులకరాళ్లు, రెండు వాగులు. బుధవారం, శనివారం వెనక సీటుకు టీకాల పెట్టె కట్టుకుని ఆ దారిన వెళ్లాలి. పెట్టెలో మంచు కరగకముందే పిల్లలకు సూదులు వేయడం పూర్తి కావాలి.

మా ఇంటి ముందు గదిలో మా మరిది బండ్ల రిపేరు షెడ్డు నడిపేవాడు. నా బండి ఆ షెడ్డు ముందు నుంచే రోడ్డెక్కాలి. నేను కిక్కు కొడుతుంటే అక్కడ కూర్చున్నవాళ్లు మాటలాపి చూసేవాళ్లు. ఒకసారి ఎవరో అన్నారు, “మీ వదిన తోలుతుంటే నువ్వెనక కూసుంటవా ఏంది?” అందరూ నవ్వారు. మరిది నవ్వలేదు. ఆ రోజు నుంచి నా బండంటే అతనికి మంట. ఆయిలు మార్చమంటే రెండు రోజులు పక్కన పడేసేవాడు. చెయిను బిగించమంటే పానా నేలకేసి కొట్టేవాడు. నేనూ తగ్గలేదు. పొద్దున్నే హారన్ కొట్టి అతని గిరాకీ బండ్లు పక్కకు తీయించేదాన్ని.

ఎండలు ముదిరిన రోజుల్లో ఇంజిను పైభాగం నుంచి టిక్కుటిక్కుమని చప్పుడు మొదలైంది. శనివారం సాయంత్రం గూడెం నుంచి వస్తూనే బండి షెడ్డు ముందు ఆపాను.

“టాపెట్లు లూజైనయ్. గంతే, బండికేం కాదు,” అన్నాడు మరిది.

“ఏమైన గానీ, ఆ సప్పుడు పోవాలె. కుట్టుమిషన్ మీద పోయినట్టుంది.”

“కొద్దిగ సప్పుడుంటది వదినా.”

“నాకు అసలే ఉండొద్దు. చేతనైతే చెయ్యి, లేకుంటే కొత్తగూడెంల చేపిస్త.”

అత్తమ్మ గడప దగ్గర చింతచిగురు ఏరుతూ ఇదంతా వింటోంది. మరిది కాలుతున్న ఇంజిను మీదనే మూతలు విప్పి, లోపల ఏదో బిగించి, ఐదు నిమిషాల్లో మూసేశాడు. బండి స్టార్ట్ చేస్తే చప్పుడు మాయం. “సాలా?” అన్నాడు. సాలని కూడా అనకుండా బండి లోపల పెట్టుకున్నాను.

పది రోజులు బాగానే తిరిగింది. తర్వాతి బుధవారం రెండో వాగు దాటి గుట్ట ఎక్కుతుండగా ఇంజిను దగ్గినట్టు దగ్గి ఆగిపోయింది. కిక్కు కొడితే కాలికి ఏ బరువూ తగల్లేదు. లోపల ఏమీ లేనట్టు కిక్కు రాడ్డు తేలిగ్గా కిందికి పోయింది. ఇరవైసార్లు కొట్టాను. చెమటకు కళ్లు మండాయి. ఫోనుకు సిగ్నల్ లేదు. పెట్టె భుజానికి తగిలించుకుని నడిచాను. ఎండ నెత్తిమీద ఉంది. పెట్టె పట్టీ భుజం కోసేస్తోంది. దారి పొడుగునా మరిదిని తిడుతూనే ఉన్నాను, ఒక్కదాన్నే, పైకే.

గూడెం చేరేసరికి చాలా ఆలస్యమైంది. అదృష్టవశాత్తు మంచు ఇంకా ఉంది. ఉన్న పిల్లలకు వేశాను. అవతలి గూడెం నుంచి చంటిపిల్లతో నడిచొచ్చిన ఒక తల్లి మాత్రం చూసి చూసి వెళ్లిపోయిందట. ఆశా కార్యకర్త నావైపు చూడకుండా చెప్పింది, “మళ్లీ రమ్మంటే రాదు సిస్టరమ్మా. పొద్దుగాల్నే బయలెల్లి వచ్చింది పాపం.”

తిరుగు దారిలో బండి దగ్గరికి వచ్చి ఆశ లేకుండా ఒక కిక్కు కొట్టాను. అది స్టార్టయింది. నాకు సంతోషం కలగలేదు, ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చి షెడ్డు ముందే అడిగాను. “ఏం చేసినవ్ నా బండికి? అడివిల ఆగిపోయింది.”

మరిది బండిని చూశాడు, నన్ను చూశాడు. “మరెట్లొచ్చినవ్? దాని మీదనే వచ్చినవ్ గద.”

షెడ్డులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. “ఎత్తుల ఏ గేరు ఎయ్యాల్నో తెల్వక ఆపుకుంటే బండేం చేస్తది,” అన్నాడు అతను, వాళ్లకు వినపడేలా.

షిఫ్టు నుంచి వచ్చిన మా ఆయనకు చెప్పాను. అన్నం కలుపుకుంటూ, “ఇడిసిపెట్టు. వాడు నా తమ్ముడు. వాడితోటి నీకెందుకు పంచాయితీ,” అన్నాడు. ఆ మాటతో నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. కంచం నెట్టేసి లేచాను.

బండితో వచ్చిన చిన్న పుస్తకం వెతికి తీశాను. ఫోనులో వీడియోలు చూశాను. ఇంజిను తల మీద రెండు వాల్వులు ఉంటాయని, ఒకటి పెట్రోలు గాలి లోపలికి రానివ్వడానికి, ఇంకొకటి పొగ బయటికి పోవడానికి అని అప్పుడు తెలిసింది. ఆ వాల్వులకూ వాటిని నొక్కే రాకర్లకూ మధ్య కాగితం మందాన సందు ఉండాలి. సందు పెరిగితే చప్పుడు, మరిది టాపెట్లు లూజన్నది అదే. సందే లేకుండా బిగిస్తే చప్పుడు పోతుంది కానీ, ఇంజిను వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు, బలం కారిపోతుంది, చల్లారితే మళ్లీ పనిచేస్తుంది. గుట్ట మీద జరిగింది అదే. ఆ పేజీ మూడుసార్లు చదివాను.

మీటింగుకు ఖమ్మం వెళ్లినప్పుడు సామాన్ల దుకాణంలో ఆ సందు కొలిచే ఫీలర్ గేజ్ కొన్నాను. సన్నని ఉక్కు రేకులు విసనకర్రలా విచ్చుకుంటాయి, ఒక్కో రేకు మీద దాని మందం రాసి ఉంటుంది. “ఎవలకు మేడం?” అన్నాడు దుకాణదారు. “నాకే,” అన్నాను, కాస్త గట్టిగానే.

ఆదివారం పొద్దున బండిని పెరట్లో కాదు, కావాలనే షెడ్డు ముందు స్టాండు వేసి నిలబెట్టాను. రాత్రంతా ఆగి ఉంది కాబట్టి ఇంజిను చల్లగా ఉంది, ఈ పనికి అలాగే ఉండాలి. షెడ్డు దగ్గర అప్పటికే నలుగురు ఉన్నారు. ప్లగ్గు విప్పాను. పైన రెండు గుండ్రటి మూతలు విప్పాను. ఎడమ పక్క మూత తీసి పానాతో ఇంజినును మెల్లగా తిప్పాను. గాలి వాల్వును నొక్కే ఇన్‌లెట్ రాకరు కిందికి వంగి పైకి లేచిన తర్వాత ఇంజిను లోపలి చక్రం మీద టి అనే గుర్తు పక్కనున్న చిన్న కిటికీలోకి వచ్చి నిలవాలి. మొదటిసారి దాటిపోయింది. మళ్లీ తిప్పాను. నిలిచింది. అన్నిటికంటే సన్నని రేకు పెట్టి చూశాను. దూరలేదు.

“ఇటు రా,” అని మరిదిని పిలిచాను.

“నాకు పనుంది.”

“రా. గీ రేకు గా సందుల దూర్చి సూపియ్యి. దూరితే ఇగ నీ షెడ్డు దిక్కు రాను.”

అందరూ చూస్తున్నారు కాబట్టి రాక తప్పలేదు. రేకు తీసుకుని ఒక వాల్వు దగ్గర ప్రయత్నించాడు, తర్వాత రెండోదాని దగ్గర. రేకు కొస వంగింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

“సందు లేకుండ బిగిచ్చినవ్,” అన్నాను. “టీకాల పెట్టె మోసుకుంట నడిచిన. ఒక బిడ్డకు సూదే పడలే. నీ దగ్గర గిట్లాంటి రేకులు అసలున్నయా?”

లేవని నాకు తెలుసు. అతను చేతి అంచనాతోనే చేస్తాడు.

అతను తలెత్తి మెల్లగా అన్నాడు, “సప్పుడు అసలే ఉండొద్దన్నది నువ్వే గద వదినా. కొద్దిగ ఉంటదని నేన్ చెప్పలేదా?”

నలుగురూ నావైపు తిరిగారు. ఆ క్షణంలో నాకు ఆ శనివారం సాయంత్రం మొత్తం గుర్తొచ్చింది, నా మాటలతో సహా.

“నేననలే,” అన్నాను. “తప్పు చేసి నా మీద ఎయ్యకు.”

“అనలేదా?”

“అనలే.”

మరిది గడప వైపు చూశాడు. అత్తమ్మ అక్కడే ఉంది. ఆమె నోరు తెరవలేదు. కొడుకు కోసం నలుగురి ముందు కోడలితో తలపడడం ఇష్టం లేకనో, మరెందుకో. అతను రేకుల కట్ట రోడ్డు మీదికి విసిరేసి లోపలికి పోయాడు. గిరాకీల్లో ఒకడు తన బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు. దాన్ని చూస్తూ నేను సంతోషించాను. ఆ సంతోషం ఎలాంటిదో అప్పుడే నాకు తెలుసు, అయినా దాన్ని ఆపుకోలేదు.

రేకులు ఏరుకొచ్చి పని మొదలుపెట్టాను. నట్టు వదులు చేసి, మర తిప్పి, రేకు సన్నగా పట్టి లాగినట్టు జారేదాకా సందు సరిచేశాను. నట్టు బిగించగానే మర దాంతో పాటు తిరిగి సందు మళ్లీ పోయింది. నాలుగుసార్లు అలాగే పాడయింది. ఒక చేత్తో మరను కదలకుండా పట్టుకుని ఇంకో చేత్తో నట్టు బిగించాలని ఐదోసారికి పట్టుబడింది. మెటికలు చెక్కుకుపోయాయి. అన్నీ మూసి కిక్కు కొడితే కాలికి బరువు తగిలింది. బండి సన్నగా టిక్కుటిక్కుమంటూ నడిచింది. షెడ్డు లోపలి నుంచి మరిది అన్నాడు, “ఇనుండ్రి, బండి ఖరాబైంది.”

ఆ మధ్యాహ్నం వంటింట్లో అత్తమ్మ నా వెనక నిలబడి అంది, “నువ్వన్నవ్. నేనిన్న.”

“అవ్, అన్న,” అన్నాను పొయ్యి వైపు తిరిగి.

“మరి గట్లెందుకు చెప్పినవ్?”

“ఆడు నన్ను నలుగుర్ల నవ్వులపాలు చేసినప్పుడు నువ్వడిగినవా?”

అత్తమ్మ ఆ తర్వాత నా చేతి వంట తినడం మానేసి చిన్న కొడుకు వాటాలో తినసాగింది. నెల తిరక్కుండా మరిది షెడ్డు ఎత్తేసి క్రాసు రోడ్డు దగ్గర కిరాయికి గది తీసుకున్నాడు, కాపురమూ అక్కడికే మార్చాడు. అత్తమ్మ వాళ్లతోనే వెళ్లింది. అన్నదమ్ములు మాట్లాడుకుంటారు కానీ నేనుంటే మాట్లాడుకోరు. క్షమించమని అడగాలని నాకు ఒకట్రెండుసార్లు అనిపించింది. అతని షెడ్డు దగ్గరికి రాగానే అడవిలో నడిచిన ఆ దారి గుర్తొచ్చి, బండి ఆపకుండానే దాటిపోయాను.

నిరుడు వాళ్లకు పాప పుట్టింది. టీకాలకు నా సబ్‌సెంటరే దగ్గర. మా తోడికోడలు మాత్రం పిల్లను ఆటోలో ఎక్కించుకుని పక్క మండలంలోని సెంటరుకు తీసుకెళ్తోంది. నా చేతి సూది వద్దని మరిది ఖచ్చితంగా చెప్పాడట. అక్కడ పనిచేసే సిస్టరుకు నెలనెలా ఫోను చేసి ఆ పిల్లకు ఏమేం వేశారో కనుక్కుంటాను. ఇప్పటిదాకా ఏదీ తప్పలేదు. నేను ఫోను చేస్తున్న సంగతి వాళ్లకు చెప్పవద్దని ఆమెకు చెప్పాను.