వావిలాకు సంగతి ఏం తేలింది?

మా దొడ్లో వావిలాకు కోసుకుపోయిన కాలేజీ వాళ్ళు ఇంతవరకూ నాకు జవాబు చెప్పలేదు. అప్పటినుంచి మూడు మిరప పంటలు చేతికొచ్చాయి. ముగ్గురు విద్యార్థులు, వాళ్ళ మేడం వచ్చారు. మంచం వాల్చినా కూర్చోలేదు. గోతాం నిండా ఆకు నింపుకున్నారు. మా అమ్మ బాలింతల స్నానానికి ఆ ఆకు వేసి నీళ్ళు ఎలా కాచేదో, నడుం నొప్పికి కాపడం ఎలా పెట్టేదో నాచేత చెప్పించుకుని రాసుకున్నారు.

"నొప్పి మాత్రలకు బదులు పనికొస్తుందేమో చూస్తున్నాం తాతా. తేలగానే ముందు మీకే చెబుతాం" అన్నది మేడం.

అప్పట్లో నా భార్య మోకాళ్ళకు మాత్రలే దిక్కు. మిరప కల్లంలో రోజంతా గొంతుక్కూర్చుని తాలుకాయలు ఏరేది. సాయంత్రం లేవలేకపోతే నేనే మందుల షాపుకి పోయి మాత్రలు తెచ్చేవాణ్ణి. ఏళ్ళ తరబడి తెచ్చాను. ఏ డాక్టరునూ అడగలేదు.

నిరుడు ఆమె కాళ్ళు వాచాయి. నరసరావుపేటలో డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి, "కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఈ మాత్రలు ఎవరు వాడమన్నారమ్మా?" అన్నాడు.

ఆమె నావైపు చూడలేదు. "నేనే కొనుక్కున్నా సార్" అన్నది.

ఎవరెవరు నన్ను ఎప్పుడు ఏమన్నారో నాకు గుర్తే. అన్నిటికన్నా ఆ మాట ఎక్కువ గుర్తు.

ఇప్పుడు వావిలాకు కాపడం పెడుతున్నాం. కొంత హాయి. పక్కింటి పిన్ని, "కషాయం తాగితే చానా గుణం" అన్నది. డాక్టరును అడిగాను. "పైన పెట్టుకోండి. ఈ కిడ్నీలతో లోపలికి తాగమని నేను చెప్పలేను" అన్నాడు.

అయినా ఒక పొద్దున నా భార్య కషాయం గ్లాసుతో నా ముందుకొచ్చింది. "ఏందయ్యా, తాగమంటావా, వద్దంటావా? మాత్రలు తెచ్చినప్పుడు ఇంత ఆలోచించలా నువ్వు."

నేను గ్లాసు తీసుకుని పారబోశాను. ఆ రోజే కాలేజీకి పోయాను.

గుమాస్తా తల ఎత్తకుండానే, "ఆ పిల్లలు పాసై ఎల్లిపోయారు పెద్దాయనా" అన్నాడు.

"మరి నా ఆకు పాసయిందా?"

నవ్వాడు. మేడం కూడా ఇప్పుడు ఆ కాలేజీలో లేదన్నాడు. అర్జీ రాసిచ్చాను. తీసుకున్నారు, అంతే. మళ్ళీ రెండుసార్లు తిరిగాను.

మాత్రల విషయంలో నేను ఎవరినీ అడగని మాట నిజం. ఇప్పుడు అడుగుతున్నాను. ఆకును పొగడనక్కర్లేదు. తేలకపోతే తేలలేదనే చెప్పండి. కిడ్నీలు దెబ్బతిన్న మనిషి ఆ కషాయం తాగొచ్చా, తాగకూడదా? ఆమె రోజూ నన్ను అడుగుతోంది. గోతాం మోసుకెళ్ళినవాళ్ళు నాకు చెప్పాలి.