క్యాలెండర్ అంకెల విషయసూచిక

మా ముత్తాత నిజాం దఫ్తరులో శిరస్తదారు. సర్కారు విందుల్లో ఎవరి తరవాత ఎవరు కూర్చోవాలో రాసే జాబితా ఆయన చేతి మీదుగానే వెళ్లేది. మా తాత నయాపూల్ పక్క హైకోర్టులో పేరున్న వకీలు. మా బాపు ఒక ఆఫీసులో గుమాస్తా. డెబ్బైల చివర నేను కాలేజీలో పత్రికారచన చదివే నాటికి మాకు మిగిలినవి శాలిబండ గల్లీలో రెండు గదులు, తాత రాసుకున్న ఏటవాలు టేకు మేజా.

ఆ ఏడాది కాలేజీ వార్షిక సంచికకు రచనలు, పేజీలు ఖాయమయ్యాక మా లెక్చరర్ గారు క్లాసుకు ఒక పని పెట్టారు. పాత సంచికల్లో విషయసూచిక చీమల బారులా ఉందని, దాన్ని కొత్తగా తీర్చిదిద్దమని. ఎవరిది బాగుంటే అదే అచ్చవుతుంది. పేజీ అడుగున వాళ్ల పేరు పడుతుంది. ఇంట్లో ఈ మాట చెబితే బాపు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మన ఇంటి పేరు అచ్చుల జూసి ఎన్నేండ్లాయె బిడ్డా."

నాలుగు రోజులు ఆ మేజా ముందు నుంచి లేవలేదు. చుట్టూ తీగల అంచు గీశాను. రచనలను మా ఇంట్లో శుభలేఖలు పంచే పద్ధతిలో పేర్చాను. మొదట ప్రిన్సిపాల్ సందేశం, ఆపైన లెక్చరర్లు ఎవరి హోదాను బట్టి వాళ్లు, చివర విద్యార్థులు. విద్యార్థుల్లో ముందు నా వ్యాసం. అందరికన్నా కింద ఒక కంపోజిటర్ కొడుకు రాసిన కథ.

వాడు నా క్లాసే. వాళ్ల నాన్న ఉస్మాన్‌గంజ్‌లో ఒక ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చేవాడు. సెలవు రోజుల్లో వీడూ వెళ్లి పేర్చేవాడు. గోళ్ల కింద సిరా పోయేది కాదు. నోట్సు కోసం మా ఇంటికి వచ్చినప్పుడు ఆ వేళ్లతో నా కాగితం ఎక్కడ ముట్టుకుంటాడోనని నాకు భయం. వాడు కాగితాన్ని ఒకసారి చూసి, మేజాను చాలాసేపు చూశాడు.

"మస్తుగుంది దొరా. మా ప్రెస్సు సేటు గిసొంటి మేజా కోసమే తిరుగుతున్నడు. వంగి ప్రూఫులు దిద్ది నడుము పోయిందంట."

"ఇది అమ్మేది కాదు."

"నేనేమన్న కొంటనన్ననా? యాదికొచ్చి చెప్పిన, గంతే."

పేజీలు చూపించే రోజు వాడు గీసిన కాగితం తేలేదు. ప్రెస్సులో తీసిన ప్రూఫు తెచ్చాడు. ఎడమవైపు పేజీ నంబర్లు, ఒక్కొక్కటి బొటనవేలంత. పక్కన శీర్షిక, దాని కింద చిన్నగా రాసినవాళ్ల పేరు. మిగతాదంతా తెల్ల కాగితమే.

"ఇంత పెద్ద అంకెలు ఎక్కడివయ్యా?" అన్నారు లెక్చరర్ గారు.

"క్యాలెండర్లయి సార్. కొత్త సంవత్సరం అయినంక అచ్చక్షరాల పెట్టెల ఊకెనే పడుంటయి."

క్లాసంతా మెచ్చుకోలుగా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ అంకెలు మా వంటింటి గోడకూ వేలాడుతున్నాయి. రోజూ చాయ్ తాగుతూ చూసేవాణ్ణి. వీడికి తోచింది నాకెందుకు తోచలేదు?

అప్పుడు లెక్చరర్ గారు నా పేజీ అందుకున్నారు. "రాత ముత్యాలే. సరే, సంచిక తెరిస్తే నలభై ఒకటో పేజీ వచ్చిందనుకో. అక్కడున్నది ఏ రచన?"

వేలు పెట్టి వెతికాను. మూడు, యాభై రెండు, పద్దెనిమిది, అరవై. హోదా ప్రకారం మనుషులు కూర్చున్నారు గానీ నంబర్లు చెల్లాచెదురయ్యాయి. నేను గీసిన పేజీలో నాకే దొరకలేదు.

వెనక బెంచీ నుంచి వాడే అన్నాడు, "నా కథ దొరా. అన్నిటికన్న కింద జూడు."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంత సులువయ్యేది. నా ఇంట్లో నా కాగితం మీద తనను ఎక్కడ కూర్చోబెట్టానో ఆ రోజే చూసి, ఇన్నాళ్లూ ఊరుకున్నాడు.

వాడి పేజీయే అచ్చయింది. సంచిక ఇంటికి తెస్తే బాపు మొదట విషయసూచిక అడుగున చూశాడు. అక్కడున్న పేరు చదివాడు. తరవాత కళ్లద్దాలు నుదుటి మీదికి జరుపుకుని, "నంబర్లు మంచిగ కనవడుతున్నయి" అన్నాడు. లెక్చరర్ గారి మాట కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ రోజులు కాల్చింది.

ఆ ఎండాకాలం తాత మేజాను ఉస్మాన్‌గంజ్ ప్రెస్సుకు అమ్మేశాం.