జమ్మాకు బంగారం

యమునది కాజీపేట. నాయిన ఓంప్రకాశ్ రైలింజన్ల డీజిల్ షెడ్డుల పనిజేసెటోడు. ఇంటికొస్తె అంగీ నిండ పొగ వాసనే. ఆ పొగల ఉండే బొగ్గుపులుసు గాలిని పనికొచ్చేటట్టు చెయ్యాలెనని ఆమెకు చిన్నప్పటి సంది పట్టు. వరంగల్ల రమాకాంత్ సారు ల్యాబుల చేరింది. రాగిని కంటికి కానరాని నానో పొడి చేసి, ఆ గాలిని హైడ్రోజన్ తోని కలిపి దాని మీదికెల్లి పంపి, ఇంధనంగ పనికొచ్చే మిథనాల్ తియ్యాలె. ఏండ్లకేండ్లు తిప్పలు వడ్డది, చుక్క రాలె. సారేమో రిటైరైతాండు. పాపం, ఆయన బతుకంత ఈ పనికే ధారవోసిండు.

దసరాకు ల్యాబుల ఆయుధ పూజ జేసిండ్రు. యమునకు భక్తి జర ఎక్కువ. రియాక్టర్ మూతికి చేతినిండ పసుపు రాసింది. పండుగ ఎల్లినంక చూస్తె మూత బిగించే మర సందుల నిండ పసుపే. చేతికందిన సీసాల గుడ్డ ముంచి తుడిచింది. సారు చేతుల జమ్మాకు పెట్టి, బంగారమని కాళ్లు మొక్కింది. ఆయన దాన్ని అంగీ జేబుల వేసుకున్నడు.

ఆ రోజే కొలిచే మిషన్ల మిథనాల్ కనవడ్డది. సారు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. వీడ్కోలు సభల అందరికి చెప్తనన్నడు.

సభనాడు పొద్దుగాల, అప్పుడు గుడ్డ ముంచిన సీసా యమున కంట వడ్డది. అది మిథనాల్ సీసా. చెప్పకపోతె ఎవలకు ఎరుక? సారైనా మర్యాదగ పోతడు గదా. అయినా మనసు ఊకోలె. బొగ్గుపులుసు గాలి బందువెట్టి, ఉత్త నైట్రోజన్ తోని నడిపి చూసింది. దాంట్ల బొగ్గే లేదు, మిథనాల్ రావద్దు. మిథనాల్ మళ్ల అచ్చింది. మూత కింద రబ్బరు వాషర్ తుడిచిననాడు పీల్చుకున్నదే మెల్లగ ఇడుస్తాంది.

సారు ముందట నిలవడ్డది. "అది మన రాగి చేసింది గాదు సార్. నేను తుడిచినదే."

సారు జేబులకెల్లి ఎండిన ఆకు తీసిండు.

"జమ్మాకును బంగారమంటం గని బిడ్డా, కంసాలి దగ్గరికి తీస్కపోం."

సభల సారు మిథనాల్ రాలేదనే చెప్పిండు. శుభవార్త కోసం ఎదురుచూసినోళ్లు మొకాలు చూసుకున్నరు. ఎనక వరుసల యమున చున్నీ నోట్ల కుక్కుకొని ఏడ్చింది.

తెల్లారి ల్యాబుకు పోతె తలుపు తీసే ఉన్నది. కొలువు లేని సారు రియాక్టర్ కాడ అంగీ చేతులు మడుస్తాండు.

"వాషర్ మార్చినవా?" అన్నడు.