జరీ అంచు కట్టిన వేపకొమ్మ

శిరివెళ్ల మెట్ట దగ్గర సర్దార్‌బీ టీ అంగడి ముందున్న వేపచెట్టు ఎప్పుడు చూసినా సగం బోడిగానే ఉండేది. లారీ చెడిపోయి రోడ్డు మీద ఆగితే, వెనక వచ్చేవాళ్లకు తెలిసేలా ఆకుకొమ్మలు పడేయడం మావైపు డ్రైవర్ల పద్ధతి. కొమ్మ కావాల్సిన ప్రతివాడికీ ఆమె చెట్టే కనిపించేది. ఇంకొకరైతే తిట్టి తరిమేవారు. ఈమె కొడవలి తీసి తనే కోసిచ్చేది.

ఆమె భర్త ముస్తఫా ఆళ్లగడ్డ, నంద్యాల మధ్య వ్యాను నడిపేవాడు. తొంభైల్లో నేను నంద్యాల బట్టల అంగట్లో పనిచేస్తూ రోజూ అందులోనే తిరిగేవాణ్ణి. దారిలో టీకి సర్దార్‌బీ అంగడి దగ్గర ఆగేవాళ్లం. మంచివాడే గానీ, స్టీరింగు పడితే వాడికి ఒళ్లు తెలిసేది కాదు. మేం మొత్తుకుంటే నవ్వేవాడు.

ఒక సాయంత్రం అంగడి దగ్గర్లోనే ఆగివున్న లారీని జీపు గుద్దింది. వెనక కొమ్మలున్నాయి, మసక చీకట్లో ఆ పచ్చాకు కనపడలేదు. జీపు డ్రైవరు సర్దార్‌బీ ఒళ్లో, ఆమె పోసిన నీళ్లు మింగకుండానే పోయాడు. ఆ రోజు నుంచి మొగుడి వ్యాను కాస్త ఆలస్యమైతే ఆమె అంగడి వదిలి రోడ్డంచుకు వచ్చి నిలబడేది.

"నిదానంగా రాకూడదా? నేనీడ ఎదురుచూస్తాంటా," అని బతిమాలింది. వినే రకమా వాడు? చివరికి నిఖా నాటి ఎర్రచీర బయటికి తీసి, జరీ అంచు చించి, కోసిచ్చే ప్రతి కొమ్మకూ ఒక పీలిక కట్టసాగింది. లైటు పడితే జరీ మెరుస్తుందని ఆమె ఆలోచన.

ముస్తఫా అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "పెండ్లి చీర చించుతాండావా? పిచ్చి పట్టిందా నీకు?"

"పెట్టెలో పెట్టి బొద్దింకలకు మేపాల్నా?" అంది, మా అందరి ముందే.

పాపం, వాడి ముఖం మాడిపోయింది. ఆ చీర తనే నంద్యాలంతా తిరిగి ఏరి కొన్నాడు. కొన్నాళ్లు ఆమె చేతి టీ కూడా తాగలేదు.

ఒక వానాకాలం, పొద్దుగూకే వేళ నంద్యాల నుంచి వస్తున్నాం. వ్యాను కిక్కిరిసి ఉంది. మలుపు తిరగ్గానే రోడ్డు మీద ఏదో తళుక్కుమంది. ముస్తఫా బ్రేకు తొక్కాడు. ఒకరి మీద ఒకరం పడ్డాం. వ్యాను కొమ్మను దాటుకుపోయి ఆగింది. ఎదురుగా, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర, వెనక దీపం లేని లారీ.

ముస్తఫా దిగి, నలిగిన కొమ్మను చేతిలోకి తీసుకున్నాడు. జరీ పీలికకు అంటిన బురదను బొటనవేలితో తుడిచాడు. విప్పి జేబులో పెట్టుకుంటాడనుకున్నా. మలుపు అవతలి దాకా వెనక్కి నడిచి, వచ్చేవాళ్లకు కనపడేలా పెట్టి వచ్చాడు. అక్కణ్ణుంచి వ్యానును మనిషి నడకంత నిదానంగా నడిపాడు.

సర్దార్‌బీ రోడ్డంచునే నిలబడి ఉంది. ముస్తఫా దిగి, ఎవరున్నారని కూడా చూడకుండా ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. నాకు కళ్లు తడిశాయి. ఆ రోజు వ్యానులో ఎవరూ ఇంటికి తొందరపెట్టలేదు.

"చీర ఇంకెంత మిగిలింది?" అడిగాడు.

"అంచు అయిపాయ. కొంగు ఉండాది. నీ కోసరమని దాచిపెట్టినా."

"అది గూడా చించు," అన్నాడు ముస్తఫా, ఏడుస్తూ.